3,200 రూపాయల వయొలిన్‌తో నా అనుభవం

మాది విజయనగరం. 1919లో పెట్టిన మ్యూజిక్ కాలేజీ, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ ఉన్న ఊళ్లో పుట్టి కూడా వయొలిన్ పట్టుకోడానికి నాకు 39 ఏళ్లొచ్చాయి. నేర్చుకుంటానో లేదో తెలీదు, మధ్యలో మానేస్తే డబ్బులు దండగ కదా అని ఆన్‌లైన్లో అన్నిటికన్నా చవకది చూసి 3,200కి ఆర్డర్ పెట్టేశా, పెట్టె, కమాను, రోజిన్ (కమానుకి రాసే చెట్టుజిగురు బిళ్ళ) అన్నీ కలిపి.

చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడుతూ భలే ఉంది. కమాను పెట్టి లాగితే మాత్రం చప్పుడు లేదు. అస్సలు లేదు. కొత్త కమానుకి రోజిన్ రాస్తేగానీ పలకదని, ఆ రోజిన్ బిళ్ళ అద్దంలా నున్నగా ఉంటే ముందు శాండ్ పేపర్‌తో గీకాలని ఎవరు చెప్తారు మనకి?

క్లాసులో కింద కూర్చుని, వయొలిన్ తల కుడికాలి చీలమండ మీద ఆనించి, నాలుగు తీగలూ స-ప-స-ప శ్రుతి చేసుకోవాలి. నాది రెండో తీగ కలిపి మూడోది ముట్టుకునేలోపు రెండోది గిర్రున జారిపోయేది. ముప్పావుగంట క్లాసులో ఇరవై నిమిషాలు తీగలు బిగించే బిరడాలు తిప్పడానికే సరి. ఇంట్లో సరళీస్వరాలు వాయిస్తుంటే మా ఆవిడ "ఆడలేక మద్దెల ఓడందిట" అని నవ్వేది, నేనూ అదే నిజమనుకున్నా, నా చెవి మంచిది కాదు, నా వేళ్లు మొద్దువి, ఈ వయసులో ఇంక రాదులే అని. చవకదాంతో అసలు నష్టం ఇదే. తప్పు మనదో వాయిద్యానిదో కొత్తవాళ్లకి తెలీదు, అందుకని మొత్తం మనమీదే వేసేసుకుంటాం.

మూడో నెలలో మాస్టారు నా వయొలిన్ తీసుకుని రెండు నిమిషాలు వాయించి పక్కన పెట్టేశారు. "ఏటయ్యా ఇది, నాకే లొంగట్లేదు, నీకెలా వస్తుంది?" వేళ్లతో తీగలు నొక్కే పలక, అదే ఫింగర్ బోర్డు, దాని చివర తీగ కింద పెన్సిల్ దూర్చి చూపించారు, దూరిపోయింది! తీగల్ని పైకెత్తి పట్టుకునే చెక్కముక్క, బ్రిడ్జి, అంత ఎత్తుగా ఉంటే తీగ నొక్కడానికే బలమంతా పోతుంది, నొక్కేసరికి స్వరం కూడా పైకి పోతుంది. మద్దెల నిజంగానే ఓడు.

సరే తీగలు నేనే మారుద్దామని నాలుగూ ఒకేసారి విప్పేశా (ఈ పని ఎవరూ చెయ్యకండి). బ్రిడ్జి పడిపోయింది, ఆ వెంటనే లోపల టకటకమని ఏదో దొర్లింది. సౌండ్ పోస్ట్ అట, లోపల నిలబెట్టే చిన్న పుల్ల, తీగల బిగువు మీదే నిలబడుతుంది. వైజాగ్‌లో రిపేర్ చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, వంకీ ఉన్న ఇనపచువ్వతో పక్క కన్నంలోంచి దాన్ని మళ్ళీ నిలబెట్టాడు, బ్రిడ్జి అరగదీశాడు, బిరడాలకి సుద్దముక్క రుద్దాడు, తీగలు మార్చాడు. మొత్తం 1,900. ఆ రోజు సాయంత్రం మొదటిసారి నా "పా" శ్రుతిబాక్సులో కలిసిపోయింది, ఒళ్ళు జలదరించింది.

అలాగని మొదటిరోజే ఖరీదైనది కొనమని అనను. నాతోపాటు చేరిన ఫ్రెండు 25,000 పెట్టాడు, ఆరు క్లాసులకి మానేశాడు. ధర కన్నా దాన్ని వాయించేలా ఎవరు సర్ది ఇచ్చారన్నదే చూసుకోవాలి, కొనేముందు మాస్టారి చేత ఒకసారి వాయింపించుకోవాలి.

నాది వర్షాకాలం రాగానే మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి బిరడాలు బిగుసుకుపోయి. అప్పుడు మాస్టారి దగ్గరే ఒక సీనియర్ స్టూడెంటు వాడినది 9,000కి తీసుకున్నా, ఇప్పుడు అలంకారాల పాఠాల్లో ఉన్నా. పాతది వెయ్యికో రెండువేలకో అమ్మేద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు, "ఇంకో పిల్లాడి ఉసురు మనకెందుకయ్యా" అన్నారు. బీరువా మీద పడుంది.