వంటగట్టు మీద నీడ పడకూడదు

మన ఇళ్లలో వంటింటి లైటు ఎక్కడుంటుంది? గది మధ్యలో సీలింగుకి, లేదంటే గుమ్మం పైన గోడకి. గట్టు వైపు తిరిగి నిలబడగానే అది మన వీపు వెనక్కి పోతుంది. మన నీడే కూరగాయల మీద పడుతుంది. గదంతా వెలుగున్నా తరిగే చోట మసకే.

గుంటూరులో మా వంటిల్లు బాగు చేయించేటప్పుడు నేను పట్టుబట్టింది ఈ ఒక్క విషయానికే. మా అత్తయ్యగారికి 68 ఏళ్లు. వంకాయ కోసి, పుచ్చుందేమో చూడటానికి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లేవారు. "కళ్లజోడు మార్పించుకోవాలేమోనమ్మా" అనేవారు. ఆ కళ్లజోడు కొత్తదే. వయసు మీద పడేకొద్దీ కనుపాప చిన్నదవుతుంది, కంటి లోపలి లెన్సు పసుపుబారుతుంది. 20 ఏళ్లప్పుడు రెటీనాకి చేరే వెలుగులో 60 దాటాక చేరేది దాదాపు మూడో వంతే. ఆవిడకి కావలసింది అద్దాలు కాదు, చేతి కింద వెలుగు.

ఎలక్ట్రీషియన్ సీలింగులో ఇంకో నాలుగు డౌన్‌లైట్లు పెట్టేద్దామన్నాడు. ఎన్ని పెట్టినా వీపు వెనకే కదా! పై కప్‌బోర్డుల అడుగున ప్రొఫైల్ లైటు, అంటే సన్నటి లోహపు పట్టీలో అమర్చిన ఎల్ఈడీ స్ట్రిప్, వేయించాం. అది కూడా గోడకి ఆనించి కాదు. అలా పెడితే వెలుగంతా టైల్స్ మీదే పోతుంది. కప్‌బోర్డు ముందు అంచుకి రెండు వేళ్లు లోపలగా పెట్టిస్తే సరిగ్గా గట్టు మీద పడుతుంది. మాది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. పాలిష్ మీద అద్దంలా మెరుస్తుంది. ఉత్త స్ట్రిప్ వేస్తే ఒక్కో ఎల్ఈడీ చుక్కా అందులో కనబడి కళ్లలో గుచ్చుకుంటుంది. అందుకే తెల్లటి పాల రంగు కవరున్న ప్రొఫైలే తీసుకోవాలి.

ఇక వెలుగు రంగు సంగతి. దాన్ని కెల్విన్లలో చెబుతారు. 6500 కెల్విన్ లైటు కింద పప్పు కూడా పాలిపోయినట్టు ఉంటుంది. 3000 అయితే అన్నీ పసుపే. మేము 4000 తీసుకున్నాం. దీనికన్నా ముఖ్యంగా చూడాల్సింది సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనబడతాయన్న అంకె. మామూలుగా డబ్బా మీద 80 ఉంటుంది. 90 ఉన్నవి అడిగితే షాపతను లోపల్నుంచి వెతికి తెచ్చాడు. ధర ఎక్కువే, కానీ తాలింపులో ఎండుమిర్చి ఎర్రగా వేగిందా, మాడుతోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. అత్తయ్యగారు ఇప్పుడు వంకాయలు గట్టు దగ్గరే కోసి చూసుకుంటున్నారు.

వేలాడే లైట్లు అందంగా ఉంటాయి, కాదనను. రోజూ తాలింపు పెట్టే ఇంట్లో మాత్రం పొయ్యి దగ్గర వద్దు. నూనె ఆవిరి, దాని మీద దుమ్ము పట్టేసి, నెల తిరక్కుండానే జిడ్డు తోముకుంటూ కూర్చోవాలి.

ఇంకో మాట. స్ట్రిప్‌కి కరెంటిచ్చే డ్రైవరు కాస్త పెద్దదే తీసుకోండి. మీటరుకి 10 వాట్ల స్ట్రిప్ రెండున్నర మీటర్లు వేస్తే 25 వాట్లు, దానికి 36 వాట్ల డ్రైవరు పెట్టించండి. దాన్ని పొయ్యి పైనున్న కప్‌బోర్డులో మాత్రం పెట్టనివ్వకండి. వేడికి ముందు పోయేది అదే.