కడుపుతో ఉన్నప్పుడు ఆపరేషన్ అయితే: నొప్పి ఓర్చుకోవద్దు, మంచం పట్టొద్దు

కడుపుతో ఉన్న మనిషికి పొట్ట మీద ఆపరేషన్ అయితే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాటలు రెండు. "నొప్పి మాత్రలు వేసుకోకు, బిడ్డకు పడవు." "కదలకుండా పడుకో." రెండూ ప్రేమతో చెప్పేవే, కానీ రెండూ హాని చేసేవే. తీసింది అపెండిక్స్ అయినా, గాల్‌బ్లాడర్ అయినా, సరిచేసింది మెలిపడిన అండాశయమైనా, ఈ రెండు మాటలూ పక్కన పెడితేనే కోలుకోవడం సాఫీగా సాగుతుంది.

ముందు నొప్పి సంగతి. కుట్లు నొప్పెడుతుంటే మనిషి పొట్ట బిగబట్టి పైపైనే ఊపిరి తీస్తుంది, దగ్గడానికి భయపడుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు గాలి చేరదు, కఫం పేరుకుంటుంది, అది న్యుమోనియాకు దారితీయొచ్చు. పెరిగిన గర్భసంచి అప్పటికే డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఊపిరి కండరాన్ని) పైకి నెట్టి ఉంటుంది, పైగా ఒంటికి ఆక్సిజన్ అవసరం మామూలు కన్నా ఎక్కువ. అంటే నొప్పి తగ్గించడం తల్లి సుఖం కోసం మాత్రమే కాదు, బిడ్డకు అందే ఊపిరి కోసం కూడా.

దీనికి మొదటి మందు పారాసెటమాల్. నొప్పి ముదిరేదాకా ఆగకుండా, మొదటి రెండు మూడు రోజులు ఆరు గంటలకోసారి టైము ప్రకారం వేసుకుంటేనే దాని పనితనం తెలుస్తుంది. ఒక్కో డోసుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. బరువు 50 కిలోల లోపున్నా, కాలేయం జబ్బున్నా ఇంకా తగ్గించాలి, ఎంతకన్నది డాక్టరే చెప్పాలి. జలుబు మాత్రల్లో కూడా ఇదే మందు కలిసి ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి. పారాసెటమాల్ చాలకపోతే డాక్టర్లు కొద్ది రోజులకు ఓపియాయిడ్ మందు (మార్ఫిన్ తరహా బలమైన నొప్పి మందు) రాస్తారు. రాసిన మేరకు వాడటానికి జంకక్కర్లేదు.

మానాల్సినవి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ కిడ్నీల పని తగ్గించి, ఉమ్మనీరు పడిపోయేలా చేయగలవు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది ఇందుకే. 30 వారాల తర్వాత బిడ్డ గుండె దగ్గర పుట్టేవరకూ తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా తోడవుతుంది. అయితే బీపీ ముప్పు తగ్గడానికి డాక్టరు రాసిన చిన్న డోసు ఆస్పిరిన్ వేరే సంగతి, దాన్ని సొంతంగా ఆపకండి.

ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అయినవాళ్లకు పొట్ట కన్నా భుజం ఎక్కువ నొప్పెట్టొచ్చు. లోపల నింపిన గ్యాస్ డయాఫ్రమ్‌ను రేపడం వల్ల వచ్చే నొప్పి అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. కానీ దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే గ్యాసేలే అనుకోవద్దు.

ఎందుకంటే ఈ దశలో అన్నిటికన్నా భయపడాల్సింది రక్తం గడ్డకట్టడం. కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం, ఛాతీ నొప్పి వస్తాయి. గర్భంలో రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది, ఆపరేషన్ దాన్ని ఇంకా పెంచుతుంది, మంచంలో కదలకుండా ఉండటం మూడోది. డాక్టరు వద్దనకపోతే ఆపరేషన్ అయిన రోజే, లేదా మర్నాడు, ఒకరి సాయంతో నాలుగడుగులు వేయాలి. పడుకుని ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలు ముందుకీ వెనక్కీ ఆడించాలి. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు రాస్తే మానేయకండి, ఆ మందు మాయ దాటి బిడ్డను చేరదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచినా, వేడిగా ఉండి నొప్పెట్టినా అదే రోజు చూపించాలి. గర్భిణుల్లో ఈ గడ్డ ఎక్కువగా ఎడమ కాల్లోనే వస్తుంది.

20 వారాలు దాటినవాళ్లు వెల్లకిలా పడుకోకూడదు. గర్భసంచి బరువు గుండెకు రక్తం తిరిగి తెచ్చే పెద్ద సిరను నొక్కుతుంది, బీపీ పడిపోతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. ఎడమ పక్కకు తిరిగి, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, పొట్ట కింద చిన్నది పెట్టుకుంటే కుట్లు లాగవు. లేచేటప్పుడు నేరుగా లేవద్దు. మోకాళ్లు ముడిచి, భుజాలూ నడుమూ ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్లు మంచం దిగువకు జారుస్తూ మోచేత్తో పరుపును నొక్కి లేవాలి. దగ్గేముందు దిండును కుట్ల మీద గట్టిగా అదిమి పట్టుకోండి.

మలబద్ధకాన్ని చాలామంది పట్టించుకోరు. గర్భం హార్మోన్లు, ఐరన్ మాత్రలు, ఓపియాయిడ్ మందు మూడూ పేగును నెమ్మదింపజేస్తాయి. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఓపియాయిడ్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే లాక్టులోజ్ లాంటి సిరప్ అడగండి. నీళ్లు ధారాళంగా తాగండి. ఒంట్లో నీరు తగ్గితే గర్భసంచి బిగుసుకోవడం కూడా మొదలవుతుంది.

ఆ బిగుసుకోవడాన్ని కుట్ల నొప్పి నుంచి వేరుచేసి గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కుట్ల నొప్పి ఒకేచోట ఉంటుంది, కదిలితే ఎక్కువవుతుంది. ప్రసవం నొప్పుల్లో పొట్టంతా గట్టిపడి, మళ్లీ వదులై, కాసేపాగి మళ్లీ గట్టిపడుతుంది, నడుముకు కూడా పాకొచ్చు. చేయి పొట్ట మీద పెట్టి టైము చూడండి. నెలలు నిండకముందే పది నిమిషాలకోసారి, అంతకన్నా తరచుగా వస్తున్నా, నీరు కారినా, రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, కుట్ల దగ్గర ఎరుపు పాకుతున్నా, చీము వచ్చినా, మూత్రం మంటగా ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఇన్ఫెక్షన్ కూడా నొప్పులు తెప్పిస్తుంది. మత్తుమందు వల్ల మొదటి రోజు బిడ్డ కదలికలు మందగించవచ్చు. అప్పుడు ఎలాగూ ఆసుపత్రిలో చూస్తూనే ఉంటారు. ఇంటికి వచ్చాక తగ్గితే మాత్రం మర్నాటిదాకా ఆగకండి.

పది వారాల లోపు అండాశయానికి ఆపరేషన్ అయినవాళ్లు ఒక మాట తప్పక అడగాలి: కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట అండాశయంలో ఏర్పడే చిన్న గ్రంథి) తీసేశారా? తొలి వారాల్లో గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్ అక్కడి నుంచే వస్తుంది. తీసేసి ఉంటే, మాయ ఆ పని అందుకునేదాకా ప్రొజెస్టెరాన్‌ను మందుగా ఇవ్వాలి.

పొట్ట పెరిగేకొద్దీ మచ్చ సాగి దురద, చురుకు పుడతాయి. మచ్చ మీద ఉబ్బు కనబడి, దగ్గినప్పుడు పెద్దదవుతుంటే హెర్నియా (బలహీనపడిన పొట్ట గోడలోంచి లోపలి భాగం బయటికి ఉబకడం) కావచ్చు, చూపించండి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తకండి. అపెండిక్స్ మచ్చ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. గర్భసంచికే కోత పడితే లెక్క వేరు. అందుకే ఏ కోత ఎక్కడ పెట్టారో, ఏ మందులిచ్చారో రాసి ఉన్న డిశ్చార్జ్ కాగితం కాపీ ఒకటి గర్భిణి ఫైలులో పెట్టి, ప్రసవం చేసే డాక్టరుకు తర్వాతి చెకప్‌లోనే చూపించండి.