చుట్టాలకి టైమింగ్స్ ఏంటి సార్?

"రాత్రి పదకొండు తర్వాత గేటు తియ్యకూడదని రాస్తే, మా వియ్యాలవారిని అలిపిరి భూదేవి కాంప్లెక్స్ దగ్గరే పడుకోమంటారా సార్?" అని రెండో ఫ్లోర్ అక్క అడిగేసరికి సెక్రటరీ గారు పెన్ను కింద పెట్టేశారు.

ఈరోజు మా అపార్ట్‌మెంట్ బైలాస్ మార్చే మీటింగ్. పాతవి బిల్డర్ ఇచ్చినవి. ఎక్కడివో దించేసినట్టున్నాడు, స్విమ్మింగ్ పూల్ రూల్స్ కూడా ఉన్నాయి. మాకున్నది ఒక సంపు.

పార్కింగ్, మెయింటెనెన్స్ చకచకా అయిపోయాయి. చుట్టాల దగ్గరే బండి ఆగింది. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలు రాకుండా ఉంటారా! దర్శనం టోకెన్ల కోసం శ్రీనివాసం, విష్ణు నివాసం దగ్గర లైన్లో నిలబడాలని అర్ధరాత్రి దాటగానే బయల్దేరతారు. ఇక బ్రహ్మోత్సవాలప్పుడు గేటు మూసేదెప్పుడు?

అసలు ఇబ్బంది వాళ్లతో కాదు. కొందరు ఫ్లాట్లని రోజువారీ అద్దెకిస్తున్నారు. ఎవరొస్తున్నారో వాచ్‌మన్‌కే తెలీదు. ఆ మాట మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. ఇచ్చేవాళ్లూ ఎదురుగానే కూర్చున్నారు మరి. నేనూ టీ తాగుతూ ఉండిపోయా.

చుట్టాలకి టైం లేదు, రిజిస్టర్‌లో పేరు రాస్తే చాలు అని తేల్చారు. రోజు అద్దెల సంగతి సభ్యులందరూ కూర్చునే జనరల్ బాడీకి వాయిదా. మాది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం, అక్కడ తీర్మానం అయ్యాకే కాగితాలు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లేది. ఈసారైనా ఎవరో ఒకరు నోరు తెరవాలి.