అప్పు తీరినంక తిందామన్న బెల్లం

దుబాయ్ వచ్చిన కొత్తలో ప్రతి దిర్హమ్‌నూ 22తో గుణించేవాణ్ని. చాయ ఒక దిర్హమ్ అంటే 22 రూపాయలు! తాగకుండానే వెనక్కి వచ్చేవాణ్ని. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరాలి, అప్పటిదాకా నోరు కట్టుకోవాలి, తర్వాత మంచిగా బతకాలి. రెండేళ్లు ఇదే ఆలోచన.

నాది షట్టరింగ్ పని, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించడం. తెల్లవారుజామున 4 గంటలకే క్యాంపు బస్సు ఎక్కాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. ఆ రెండున్నర గంటలు నీడలో ప్లైవుడ్ ముక్కల మీద నడుం వాల్చేవాళ్లం. నా పక్కన దేవరకొండ వైపు పెద్దమనిషి ఒకాయన పడుకునేవాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. పెద్దనాయనా అని పిలిచేవాణ్ని. రోజూ సాయంత్రం రెండు చాయలు చెప్పేవాడు, నాకు వద్దన్నా వినేవాడు కాదు.

"నేను గూడ ఇరవై ఏండ్లు లెక్కలేసిన బిడ్డా," అన్నాడొక రోజు. "లెక్క తప్పలే. బిడ్డ పెండ్లి జేసిన, ఇల్లు గట్టిన. ఆ ఇంట్ల నేను పండుకున్న రాత్రులు నూరు గూడ గావు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అవ్వకు ఫోన్ చేశాను.

మా పాలమూరుకు వలస కొత్త కాదు. గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్స్ చేతిలో పెట్టి, ఆలుమగల్ని ప్రాజెక్టుల పనికి తోలుకుపోయేవాడు. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ మట్టి, రాళ్లు మోసిన వాళ్లలో మా అవ్వ, తాత ఉన్నారు. అవ్వ దాన్ని ఇప్పటికీ నందికొండ అనే అంటుంది.

"అక్కడ సంతోషంగ ఉన్నరా అవ్వా?" అని అడిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీ తాతకు బెల్లమంటే పానం," అంది తర్వాత. "వారం కూలి రాంగనే అంగడి కాడ నిలబడి చూసెటోడు. మేస్త్రీ బాకీ తీరినంక తిందమంటి నేను. బాకీ తీరేసరికి ఆయనకు పండ్లు లేవు. దంచి పెడితే చప్పరించిండు. గా పావుశేరు బెల్లానికి బాకీ ఆగుతుండెనా, నువ్వే చెప్పు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. నాకే ఆగలేదు.

అరవై వేల అప్పు ఇంకా మిగిలి ఉండగానే లీవు పెట్టాను. ఇంట్లో నాన్న కోప్పడ్డాడు, ఆయన భయం ఆయనది. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు అవ్వను తీసుకెళ్లాను. కొండ ఎక్కే ఓపిక లేదు, కింద చెట్టు కింద కూర్చుంది. వడ్డెమాన్ నుంచి స్వామి ఉద్దాలు, అంటే పాదుకలు, వస్తుంటే రెండు చేతులెత్తి మొక్కింది.

సంచిలోంచి నేను తెచ్చిన ఖర్జూరాలు తీసి ఒకటి ఆమె నోట్లో పెట్టాను. మెత్తగా ఉన్నాయని నాలుగు తింది.

"ఎంత వెట్టి కొంటివి కొడుకా?" అని అడిగింది.

ఎంత ఆలోచించినా ధర గుర్తు రాలేదు.