చేపల పల్లె అంటే పెద్దాయనకు కోపం

హైదరాబాదు ఆఫీసు నుంచి మా డైరెక్టరు గారు వచ్చినప్పుడు, నేను అద్దెకుంటున్న భవనం కింది అంతస్తులోని హోటల్లోనే రాత్రి భోజనం ఏర్పాటు చేశాను. చైనాలోని షెన్‌జెన్ నగరానికి వాయవ్యాన ఉన్న షాజింగ్‌లో ఆ భవనమూ, ఆ హోటలూ ఒకే పెద్దాయనవి. వయసు డెబ్బై దాటింది. డైరెక్టరు గారు కిటికీలోంచి బయటి వెలుగులు చూసి, "ఎప్పటి ఊరయ్యా ఇది?" అన్నారు. ఈ నగరానికి వచ్చిన ప్రతి విదేశీయుడి నోటా వచ్చే మాటే నా నోటా వచ్చింది. "నలభై ఏళ్ల కిందట ఇదంతా చేపలు పట్టుకునే పల్లె, సార్." పక్క బల్ల దగ్గరే కూర్చున్న పెద్దాయనకు కూడా మర్యాదకని అదే మాట చైనీస్‌లో చెప్పాను.

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుకు పక్కవాళ్లు తిరిగి చూశారు. తర్వాత కాంటనీస్‌లో ఏకబిగిన మాట్లాడాడు. మనవరాలు మొహమాటపడుతూ నాకు మాండరిన్‌లో చెప్పింది. "ఏ పల్లె అని అడుగుతున్నారు. మా వంశం ఇక్కడికొచ్చి ఇరవై తరాలు దాటిందట. మేం చేపలు పట్టేవాళ్లం కాదట, ఆల్చిప్పలు పెంచేవాళ్లమట. తెలియని ఊరి గురించి అతిథులకు చెప్పొద్దంటున్నారు."

"ఏమంటున్నాడాయన?" అని డైరెక్టరు గారు అడిగారు.

"సూపు చల్లారుతోంది, తాగమంటున్నారు సార్."

ఇది జరిగి చాలా కాలమైంది. ఇప్పటికీ తలచుకుంటే చురుక్కుమంటుంది. ఆ మాట నేను పుట్టించిందా? ఈ నగరమే తన గురించి తాను అలా చెప్పుకుంటుంది. మ్యూజియంలో, పత్రికల్లో, టూరిస్టు బస్సుల్లో, ఎక్కడ చూసినా అదే కథ. చేపల పల్లె, తర్వాత చైనాలో సంస్కరణలు తెచ్చిన నాయకుడు డెంగ్ షియావోపింగ్, తర్వాత ఆకాశహర్మ్యాలు. లియన్‌హువా కొండ మీద 2000లో ఆవిష్కరించిన డెంగ్ విగ్రహం నగరంలోకి నడిచి వస్తున్నట్టే ఉంటుంది. ఇంత ప్రచారం సొంత ప్రభుత్వమే చేస్తుంటే, హైదరాబాదు కంపెనీకి కరెంటు మీటర్ల సర్క్యూట్ బోర్డులు తనిఖీ చేసి పంపుకునే నన్నా ఆయన కసురుకోవడం?

కాని ఆయన చెప్పిన దాంట్లో తీసిపారేయడానికి ఏమీ లేదు. అదే బాధ. 1979లో షెన్‌జెన్ అని కొత్త పేరు పెట్టినప్పుడు అది పల్లె కాదు, బావోఆన్ అనే ఒక కౌంటీ మొత్తం. మూడు లక్షలకు పైగా జనాభా. నాన్‌తౌలో పాత కోట ఇప్పటికీ ఉంది. 1573లో షిన్‌ఆన్ కౌంటీ ఏర్పడినప్పుడు దానికి ముఖ్యపట్టణం అదే. ఈరోజు మనం హాంకాంగ్ అని గొప్పగా పిలుచుకునే ద్వీపం కూడా ఆ కౌంటీలోదే. నల్లమందు యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లు విడదీసుకుపోయిన ముక్క అది. తూర్పున దాపెంగ్ కోటను 1394లో కట్టారు. అంటే గోల్కొండ ఇంకా కుతుబ్‌షాహీల చేతికి రాకముందే ఇక్కడ తీరరక్షణకు సైనికులు కాపలా కాస్తున్నారన్నమాట. షాజింగ్ ఆల్చిప్పలకూ కొన్ని వందల ఏళ్ల పేరుంది. ఇప్పుడు ఇక్కడి నీళ్లలో అవి పెరగవు. ఫ్యాక్టరీలు వచ్చాక పెంపకందార్లు పడమటి తీరాన తాయిషాన్ దాకా తరలిపోయారు. పేరు మాత్రం షాజింగ్‌దే. ఇక్కడి నీళ్లను పాడుచేసిన పనుల్లో సర్క్యూట్ బోర్డుల తయారీ కూడా ఉందని నాకు తెలుసు, పెద్దాయనకూ తెలుసు. ఆయన ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తను.

మరి ఇంత చరిత్ర ఉండగా ఖాళీ నేల కథ ఎందుకు పుట్టింది? కొన్నాళ్లు ఇదే పట్టుకుని ఆలోచించాను. నాకు తోచింది ఇది: పల్లె చిన్నదైన కొద్దీ అద్భుతం పెద్దదవుతుంది. పైగా ఈ కథ చెబితే ఆ మూడు లక్షల మందిలో ఎంతమంది పారిపోవడానికి చూశారో చెప్పనక్కర్లేదు. యాభైల నుంచి డెబ్బైల చివరిదాకా ఇక్కడి వాళ్లు అఖాతం ఈది, కొండలెక్కి, పడవల్లో దాక్కుని హాంకాంగ్ చేరేవారు. 1962లో జనం గుంపులు గుంపులుగా సరిహద్దు మీద పడ్డారు. పెద్దాయన అన్నగారూ ఒక చీకటి రాత్రి చిన్న పడవలో అవతలి ఒడ్డుకు చేరి, అక్కడ కూడా ఆల్చిప్పల పనే చేశాడట. ఈదుకుంటూ వెళ్లినవాళ్ల కాళ్లను బురదలోని చిప్పలు చీరేసేవని చెబుతూ ఆయన తన పాదాలే చూసుకున్నాడు.

ఈ వలసను తుపాకులతో ఆపలేమని గ్రహించినవాళ్లు గ్వాంగ్‌డాంగ్ నాయకత్వంలో ఉన్నారు. ఇప్పటి అధ్యక్షుడి తండ్రి షి ఝోంగ్‌షున్ అప్పుడు ఆ రాష్ట్రానికి పెద్ద. తమకు కొంత స్వేచ్ఛ ఇవ్వమని 1979 ఏప్రిల్‌లో బీజింగ్‌ను అడిగాడు. డెంగ్ సరేనన్నాడు, ప్రత్యేక మండలి అనే పేరు కూడా సూచించాడు. డబ్బు మాత్రం ఇవ్వలేమన్నాడు. అదే ఏడాది పడమటి కొసన షెకౌలో యువాన్ గెంగ్ అనే అధికారి కొండలు పేల్చి రేవు పని మొదలుపెట్టాడు. కాలమే డబ్బు, సామర్థ్యమే ప్రాణం అని ఆయన పెట్టించిన బోర్డు ఆ రోజుల్లో పార్టీలో పెద్ద దుమారమే లేపింది. 1980 ఆగస్టు 26న ప్రత్యేక ఆర్థిక మండలి చట్టబద్ధమైంది. పునాదులు తవ్వడానికి సైన్యం నుంచి సుమారు ఇరవై వేల మంది ఇంజనీరింగ్ సిపాయిలు వచ్చారు. తర్వాత యూనిఫాం విప్పి ఇక్కడే ఉండిపోయారు. 53 అంతస్తుల అంతర్జాతీయ వాణిజ్య కేంద్రాన్ని మూడు రోజులకో అంతస్తు చొప్పున లేపి 1985లో పూర్తిచేశారు. పనిలో వేగానికి ఇక్కడివాళ్లు ఇప్పటికీ షెన్‌జెన్ వేగమనే అంటారు. మా ఫ్యాక్టరీ మేనేజరు డెలివరీ తేదీ తప్పినప్పుడు మాత్రం ఆ మాట వాడడు.

మండలి అంటే నగరమంతా కాదు. దాని చుట్టూ ఎనభై కిలోమీటర్లకు పైగా ముళ్లకంచె, చెక్‌పోస్టులు. చైనా పౌరులైనా సరే పర్మిట్ చూపిస్తేనే లోపలికి. మా షాజింగ్ కంచెకు బయట ఉంది. లోపల గాజు భవనాలు లేచాయి, బయట ఫ్యాక్టరీలూ కార్మికుల మంచాలూ వెలిశాయి. హాంకాంగ్ నుంచి ముడిసరుకు, యంత్రాలు, నమూనాలు వచ్చేవి. ఇక్కడ బిగించి తిప్పి పంపితే కూలి డబ్బు దక్కేది. పారిపోయిన అన్నగారే ఎనభైల్లో పెట్టెలతో తిరిగొచ్చి, తమ్ముడి స్థలంలో ప్లాస్టిక్ పూల షెడ్డు పెట్టాడు. 2010లో మండలిని నగరమంతటికీ విస్తరించారు. 2018 జనవరిలో కంచెను అధికారికంగా రద్దు చేశారు. పాత చెక్‌పోస్టుల దగ్గర మాత్రం ట్రాఫిక్ ఇంకా అలవాటు మానలేదు.

డైరెక్టరు గారిని విమానం ఎక్కిస్తుంటే ఆయన తృప్తిగా, "మన మాదాపూరూ అంతే కదయ్యా, రాళ్లు తప్ప ఏముండేవి?" అన్నారు. నేను తల ఊపాను. లోపల మాత్రం మండిపోయింది. మా పెదనాన్న వాళ్లది కొండాపూర్. ఆ రాళ్ల మధ్య జొన్నలు పండేవి, కందులు పండేవి. ఆ రాళ్ల మధ్య మైసమ్మ గుడి ఉండేది, బోనాలు జరిగేవి. దుర్గం చెరువు నీళ్లు ఒకప్పుడు గోల్కొండ కోట తాగింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మా పెదనాన్న భూమి అమ్మేసి చాలా ఏళ్లయింది. ఎంతకు అమ్మాడో మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. పండగలకు కలిసినప్పుడు ఎవరైనా చిన్నపిల్లాడు అడిగితే పెద్దమ్మ వంటింట్లోకి లేచి వెళుతుంది.

కాబట్టి పెద్దాయన కోపం నాకు అర్థం కాక కాదు. ఆయన కోపంగా ఉండగలగడమే నాకు మింగుడుపడలేదు. నా పెదనాన్నకు ఆ భాగ్యం కూడా లేదు. పెద్దాయన ఎనిమిదంతస్తుల భవనం కింద కూర్చుని కోప్పడతాడు. మొదట్లో ఇది ఆయన తెలివితేటల వల్ల అనుకున్నాను. తర్వాత తెలిసింది, అసలు కారణం ఆయనకు భూమి అమ్ముకునే హక్కు లేకపోవడం. ఇక్కడ పల్లె భూమి ఉమ్మడిది. ప్రభుత్వం పొలాలను తక్కువ పరిహారానికి తీసుకుంది కాని ఇళ్ల స్థలాలనూ కొంత ఉమ్మడి భూమినీ పల్లెకే వదిలింది. ఏ దళారీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి కాగితం రాయించుకునే వీలు లేదు. చేసేది లేక వాళ్లు ఉన్న జాగాలోనే అంతస్తు మీద అంతస్తు వేశారు. ఎదురింటి కిటికీలోంచి చెయ్యి చాపితే అందుకునేంత దగ్గరగా కట్టి కార్మికులకు అద్దెకిచ్చారు. 2004 నాటికి షాజింగ్ లాంటి పల్లెలన్నీ కాగితాల మీద నగరమైపోయాయి. పల్లె సంఘమే కంపెనీ అయింది. పల్లెవాళ్లు వాటాదార్లయ్యారు, ఏటా డివిడెండ్ తీసుకుంటున్నారు. ఆ ఇళ్లలో చాలావాటికి సరైన పట్టా లేదు, నిజమే. మా పెదనాన్నకు పట్టా ఉంది. అమ్ముకునే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛతోనే అమ్మాడు. ప్రజాస్వామ్యం గొప్పదని నేను ఇక్కడివాళ్లతో చాలాసార్లు వాదించాను. ఈ ఒక్క విషయం వచ్చినప్పుడు మాత్రం వాదన పెంచను.

ఇంకొకటి కూడా ఉంది. ఇరవై తరాల గురించి అంత మాట్లాడిన మనిషి, తన భవనంలో పై అంతస్తుల్లో ఉండేవాళ్లను బయటివాళ్లనే అంటాడు. హునాన్, సిచువాన్, హెనాన్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో కొందరు పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నారు. వస్తే చాలు, నువ్వు షెన్‌జెన్ మనిషివే అనేది ఈ నగరం గర్వంగా రాసుకునే నినాదం. వచ్చినవాళ్లు 2020 జనగణన నాటికి నగరాన్ని కోటీ డెబ్బై ఐదు లక్షలు చేశారు. ఇక్కడి హుకౌ, అంటే శాశ్వత నివాస నమోదు, ఉన్నది ఆ మొత్తం జనాభాలో మూడో వంతు మందికే. చేపల పల్లె కథలో పెద్దాయన వంశమూ లేదు, వీళ్లూ లేరు. 1993 నవంబరులో కుయ్‌చోంగ్‌లోని బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 87 మంది చనిపోయారు. చాలామంది పడుచు అమ్మాయిలే. తలుపులకు తాళాలు, కిటికీలకు ఇనుప చువ్వలు. మరుసటి ఏడాది దేశంలో కార్మిక చట్టం వచ్చింది. మూడు రోజులకో అంతస్తు అన్నంత గట్టిగా ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మా తనిఖీ లైనులో చివరి సీటులో కూర్చునే హునాన్ ఆవిడ పెద్దాయన భవనంలోనే ఆరో అంతస్తులో ఉంటుంది. సోల్డరింగ్‌లో ఆమె కంటికి దొరకని లోపం నా భూతద్దానికి కూడా దొరకదు. హోటల్ సంగతి చెబితే పడి పడి నవ్వింది. "ఆల్చిప్పలా? అద్దె ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా నాకూ చెబుతాడు."

ఆమె కొడుక్కి ఈ ఏడు బడి మారాలి. ప్రభుత్వ బడిలో సీటు పాయింట్ల మీద ఇస్తారు. హుకౌ ఉంటే పాయింట్లు, సొంతిల్లు ఉంటే పాయింట్లు, సామాజిక బీమా కట్టిన ఏళ్లకు పాయింట్లు. ఆమెకు చివరిది ఒక్కటే ఉంది. సీటు రాకపోతే పిల్లాణ్ని హునాన్‌లో అమ్మమ్మ దగ్గరికి పంపేస్తానంది. ఆమెకు ఇంకో దిగులూ ఉంది. 2019లో నగరం నడిబొడ్డున బైషిఝౌ పల్లెను కూల్చడానికి నోటీసులిచ్చినప్పుడు ఇళ్ల యజమానులకు పరిహారం వచ్చింది. అద్దెవాళ్లు ఉన్నపళంగా సామాను సర్దుకుని, పిల్లల బడుల కోసం రోడ్డెక్కారు. పదకొండో నంబరు మెట్రో వచ్చాక షాజింగ్‌లో కూడా కొలతల వాళ్లు తిరుగుతున్నారు. పెద్దాయన వాళ్లకు టీ పోస్తున్నాడు.

"మీ దేశంలో కూడా ఇంతేనా? ఇంకో ఊరికి పనికి వెళితే పిల్లలకు బడి ఇవ్వరా?" అని అడిగింది.

ఇస్తారని చెప్పాను. ఎక్కడికి వెళ్లినా ప్రభుత్వ బడిలో చేర్చుకుంటారు, పాయింట్లు గీయింట్లు లేవు అని కాస్త గర్వంగానే చెప్పాను. అది ఎలాంటి బడి అని ఆమె అడగలేదు.