హెవీవెయిట్‌ని రెండు ముక్కలు చేయకండి

2024 డిసెంబరులో, రియాద్‌లో ఇద్దరు హెవీవెయిట్ బాక్సర్ల రెండో పోరుకు ముందు టైసన్ ఫ్యూరీ 281 పౌండ్లు తూగాడు, ఒలెక్సాండర్ ఉసిక్ 226. మధ్యలో 55 పౌండ్లు, అంటే దాదాపు పాతిక కిలోలు. బాక్సింగ్‌లో ఇంకే తరగతిలోనూ ఇలాంటి జోడీని రింగ్ ఎక్కనివ్వరు. అన్నిటికంటే కింద ఉన్న మినిమమ్‌వెయిట్ హద్దు 105 పౌండ్లు, దాని పైన లైట్ ఫ్లైవెయిట్‌ది 108. ఒకటిన్నర కిలో కూడా లేని తేడాకు అక్కడ వేరే ఛాంపియన్, వేరే బెల్ట్. 200 పౌండ్లు దాటాక మాత్రం అందరినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఇది అన్యాయం, హెవీవెయిట్‌ని రెండుగా విడగొట్టాలి అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. బరువు తేడా చాలా పెద్ద విషయమే. కానీ ఆ బరువు రింగ్‌లో ఎక్కడ పనిచేస్తుందో చూడకుండా కాటా మీద ఇంకో గీత గీయడం, రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టే.

గీత ఇప్పటికే గీసి చూశారు కూడా. 2020లో, ఛాంపియన్ బెల్టులిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ 200 నుంచి 224 పౌండ్ల వరకు బ్రిడ్జర్‌వెయిట్ అని కొత్త తరగతి పెట్టింది. కుక్క దాడి నుంచి చెల్లెలిని కాపాడి తను గాయపడ్డ ఆరేళ్ల పిల్లాడి పేరు అది. పేరు వెనక మనసు మంచిదే. 2021లో ఆస్కార్ రివాస్ తొలి ఛాంపియన్ అయ్యాడు. 2024 మేలో లారెన్స్ ఒకోలీ ఆ బెల్ట్‌ని మొదటి రౌండ్‌లోనే గెలుచుకుని, అదే ఏడాది హెవీవెయిట్‌కి వెళ్లిపోయాడు. గెలిచినవాడే అక్కడ ఉండాలనుకోలేదు. డబ్బూ పేరూ పై తరగతిలో ఉన్నంతకాలం 215 పౌండ్ల మనిషి పైకే చూస్తాడు.

పోనీ, అన్ని సంస్థలూ ఆ గీతనే ఒప్పుకున్నాయనుకుందాం. 2024 మే 18న ఉసిక్ ఫ్యూరీని మొదటిసారి ఓడించి నాలుగు ప్రధాన సంస్థల బెల్టులకూ యజమాని అయినప్పుడు అతని బరువు 223.5 పౌండ్లు. హద్దుకు అర పౌండు కింద. అంటే తిరుగులేని హెవీవెయిట్ ఛాంపియన్ అయిన రోజున, ఆ లెక్కలో అతను హెవీవెయిటే కాదు! 2021లో ఆంథొనీ జాషువాను ఓడించినప్పుడు ఇంకా తక్కువ, 221. 2018లో డియాంటే వైల్డర్ 212.5 పౌండ్లతో వచ్చి ఫ్యూరీని రెండుసార్లు పడగొట్టాడు. పన్నెండో రౌండ్‌లో వెల్లకిలా పడిపోయిన ఫ్యూరీ, రిఫరీ పది లెక్కపెట్టేలోపు లేచి నిలబడటం చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. గీత ఉంటే ఆ బౌటే జరిగేది కాదు.

కింది హద్దు మారడం వేరే సంగతి, దానికి నాకు అభ్యంతరం లేదు. 1919లో జాక్ డెంప్సీ 187 పౌండ్లతో, 245 పౌండ్ల జెస్ విల్లార్డ్‌ని చితక్కొట్టాడు. 1952లో రాకీ మార్సియానో టైటిల్ గెలిచినప్పుడు 184. ఇప్పటి లెక్కలో వాళ్లిద్దరూ హెవీవెయిట్‌కి కిందుండే క్రూజర్‌వెయిట్ తరగతివాళ్లు. 1979 చివర్లో మొదలైనప్పుడు క్రూజర్ హద్దు 190, తర్వాత 200 అయింది. మనుషులు పెరిగారు, గీత పైకి జరిగింది. అది సబబే.

పైన హద్దు పెడితే ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. బరువు తగ్గించుకునే బాధ హెవీవెయిట్‌లకు లేదు. మిగతావాళ్లు కాటా ఎక్కేముందు నీళ్లు మానేసి, చెమట కార్చి, నాలుక పిడచకట్టుకుపోయాక ఒక్క పౌండు కోసం అల్లాడతారు. ఒంట్లో నీరు తగ్గిన మనిషి తలకు దెబ్బలు తినడం డాక్టర్లను ఎప్పటినుంచో భయపెడుతున్న విషయం. హెవీవెయిట్‌లలో బట్టలతోనే కాటా ఎక్కేవాళ్లున్నారు. 224 దగ్గర గీత పెడితే, 240 ఉన్న మనిషి కిందికి దిగడానికి ఒళ్లు ఎండబెట్టుకోవడం మొదలుపెడతాడు. కాపాడాలని పెట్టిన రూలే కొత్త ప్రమాదం తెస్తుంది.

అమెచ్యూర్ బాక్సింగ్ లెక్క వేరు. 1984 ఒలింపిక్స్ నుంచి అక్కడ హెవీవెయిట్ పైన సూపర్ హెవీవెయిట్ అని ఇంకో తరగతి ఉంది, ఉండాలి కూడా. అక్కడ ప్రత్యర్థి ఎవరో చీటీలు తీసి నిర్ణయిస్తారు, కొన్ని రోజుల్లోనే మళ్లీ మళ్లీ రింగ్ ఎక్కాలి, కాదనే వీలు లేదు. ప్రొఫెషనల్ బాక్సర్ కాంట్రాక్ట్ చదివి, ఎదుటివాడి కొలతలు తెలిసి, నెలల తరబడి సిద్ధమై వస్తాడు.

ఇక అసలు సంగతి. బరువంటే అందరికీ పంచ్ గుర్తొస్తుంది. నా అనుభవంలో అది క్లించ్‌లో, అంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. జిమ్‌లో నాకంటే చాలా బరువైన ఒకతనితో స్పారింగ్ (ప్రాక్టీస్ పోరు) చేసేవాణ్ని. మంచివాడు, గట్టిగా కొట్టేవాడే కాదు. కానీ దగ్గరికి వెళ్లగానే ముంజేయి నా మెడ వెనక వేసి, ఛాతీ నా తల మీద ఆనించి, కాళ్లు కాస్త వెనక్కి జరిపి వాలిపోయేవాడు. చూసేవాళ్లకు ఇద్దరూ ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. లోపల నా నడుము, తొడలు అతని బరువంతా మోస్తుండేవి. కోచ్ విడిపించేసరికి నా భుజాలు దిగిపోయి, జాబ్ (ముందు చేత్తో వేసే పంచ్) వేద్దామంటే చెయ్యి లేచేది కాదు. రెండు రౌండ్లు ఇలా అయ్యాక చిన్న పంచ్ కూడా పెద్దగా తగులుతుంది, ఎందుకంటే తప్పుకోవడానికి కాళ్లలో సత్తువ ఉండదు.

పట్టుకోవడం, మీద వాలడం ఫౌల్ అని రూల్స్‌లో ఉన్నదే. అమలు చేసేవాళ్లు తక్కువ. 2013లో మాస్కోలో వ్లాదిమిర్ క్లిచ్కో, అలెగ్జాండర్ పొవెట్కిన్ బౌట్ చూడండి. క్లిచ్కో తనకంటే పొట్టివాడైన పొవెట్కిన్ మీద రౌండ్ రౌండ్‌కీ పడిపోతూ, మెడ కిందికి తొక్కుతూ ఉన్నాడు. రిఫరీ పాయింట్ కోసింది పదకొండో రౌండ్‌లో! అప్పటికి పొవెట్కిన్‌లో ఏముంది మిగిలి? 2020లో ఫ్యూరీ 273 పౌండ్లతో వచ్చి వైల్డర్ మీద వాలడం కూడా ఇదే పద్ధతి. ఫ్యూరీ పంచ్‌లతోనే వైల్డర్‌ని రెండుసార్లు పడగొట్టాడు, ఆ గెలుపుని నేను తక్కువ చేయను. కానీ అక్కడా ఐదో రౌండ్ దాకా ఫ్యూరీకి పాయింట్ పోలేదు.

ఉసిక్ అందరికీ ఉదాహరణ కాలేడని నాకు తెలుసు. ఫ్యూరీ చేతులు చాచి మీదికి వచ్చేసరికి అతని ఎడమకాలు అప్పటికే పక్కకు వెళ్లిపోయి ఉంటుంది, వాలడానికి మనిషి దొరకడు. అలాంటి కాళ్లు ఎంతమందికి ఉంటాయి? కాళ్లు లేని 215 పౌండ్ల బాక్సర్‌కి రిఫరీ కావాలి.

నేను అడిగేది ఇంతే. మొదటి రౌండ్‌లో వాలితే హెచ్చరిక. రెండోసారికి పాయింట్. ఆ తర్వాత ప్రతిసారీ పాయింట్, ఎంత పెద్ద ఛాంపియన్ అయినా, ఎంత పెద్ద స్టేడియం అయినా. బౌట్లను పర్యవేక్షించే కమిషన్లు ఈ మాట బౌట్‌కి ముందే ఇద్దరు బాక్సర్ల కార్నర్లకూ చెప్పాలి. మూడు పాయింట్లు పోగొట్టుకున్న 280 పౌండ్ల మనిషి తర్వాతి ట్రైనింగ్ క్యాంప్‌లో తనంతట తనే 260కి దిగుతాడు, ఎందుకంటే ఆ అదనపు బరువు ఇక తనే మోసుకుంటూ తిరగాలి.