జేబులో పట్టే ఎమర్జెన్సీ కిట్, మన వరంగల్‌కు తగ్గట్టు

ఎమర్జెన్సీ కిట్ అని వెతికితే దొరికే లిస్టుల్లో చాలావరకు అడవిలో చిక్కుకున్నవాళ్ల కోసం రాసినవే. నిప్పు రాజేసే రాయి, చేపల గాలం, దిక్సూచి, మడత కత్తి. హనుమకొండలో ఇల్లు, వరంగల్‌లో పని, కాజీపేటలో రైలు ఎక్కే మనిషికి వీటితో అవసరం పడదు. మనకు వచ్చే ఇబ్బందులు వేరు. వాన దంచికొట్టి నాలా పొంగుతుంది, కరెంటు పోతుంది, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతుంది, నెట్ లేక ఆటో ఆయనకు ఫోన్‌పే చేయలేం, మే నెల ఎండకు బస్టాండ్‌లో పక్కనున్న పెద్దాయన కళ్లు తిరిగి కూలబడిపోతాడు, మన కళ్ల ముందే బండి జారి ఎవరికో మోకాలు చీరుకుపోతుంది. వీటన్నిటికీ సరిపడే సామాను ఒక కళ్లద్దాల డబ్బా అంత జాగాలో పడుతుంది. అంతకంటే పెద్దది కాకూడదని కూడా అంటాను.

ఎందుకంటే పెద్దది మనతో రాదు. ఇంట్లో బీరువా మీద ఫస్ట్ ఎయిడ్ డబ్బా చాలామందికి ఉంటుంది, అది బీరువా మీదే ఉంటుంది. మా నానమ్మ తరం ఆడవాళ్లు రొండిన చిన్న గుడ్డసంచి దోపుకునేవాళ్లు, అందులో వక్కలు, చిల్లర, ఒక పిన్నీసు, తలనొప్పికి రాసుకునే మందు. పొలానికి పోయినా, పెళ్లికి పోయినా, జాతరకు పోయినా అది ఒంటి మీదే. నేను చెప్పే కిట్ కూడా అలాంటిదే. జిప్ ఉన్న చిన్న పర్సు, దాని లోపల నీళ్లు దూరకుండా ఒక జిప్‌లాక్ కవర్. ప్యాంటు జేబులోనో, హ్యాండ్‌బ్యాగ్ లోపలి అరలోనో పెట్టుకుంటే అది ఉందన్న సంగతే గుర్తుండకూడదు.

అందులో మొదట పెట్టాల్సింది మందు కాదు, కాగితం. పోస్ట్‌కార్డులో సగం ఉంటే చాలు. మన పేరు, బ్లడ్ గ్రూప్, బీపీ షుగర్ లాంటివి ఉంటే అవి, రోజూ వేసుకునే మందుల పేర్లు, పడని మందు ఏదైనా ఉంటే అది పెద్ద అక్షరాల్లో, ఇంట్లోవాళ్ల నంబర్లు రెండు. ఇప్పుడు మనలో ఎంతమందికి మన నంబర్ కాక ఇంకొక నంబర్ నోటికి వస్తుంది? ఫోన్ పగిలిపోయినా, తడిసిపోయినా, దొంగ కొట్టేసినా పక్కవాళ్ల ఫోన్ అడిగి తీసుకోవచ్చు, కానీ ఎవరికి చేయాలో తెలియాలి కదా. బాల్ పెన్నుతోనే రాయండి, ఇంకు పెన్ను రాత తడిస్తే పారిపోతుంది. రెండు వైపులా సెల్లోటేప్ అతికించండి. ఒక వైపు తెలుగులో, ఇంకో వైపు ఇంగ్లిష్‌లో రాస్తే, మనల్ని లేపి కూర్చోబెట్టే ఆటో అన్న నుంచి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ వరకు ఎవరైనా చదువుకుంటారు. ఫోన్ లాక్ స్క్రీన్ మీద కూడా ఎమర్జెన్సీ సమాచారం పెట్టుకునే సెట్టింగ్ ఉంటుంది, అదీ చేయండి, కానీ కాగితానికి బదులుగా కాదు.

కాగితం వెనకే డబ్బులు. ఐదు వందల నోటు ఒకటి కాదు, చిల్లర. పదులు, ఇరవైలు, యాభైలు, ఒకటి రెండు వందలు. రాత్రి పదకొండింటికి కాజీపేట స్టేషన్ బయట ఐదు వందల నోటు పట్టుకుని నిలబడితే దానికి చిల్లర ఎవరిస్తారు? వాన పడి టవర్లు పోతే ఊరంతా ఒక్కసారే చిల్లర కోసం వెతుక్కుంటుంది. ఆడవాళ్లయితే ఆధార్ ఒరిజినల్ కూడా ఇందులోనే పెట్టుకోవచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ జీరో టికెట్ ఇస్తున్నారు కానీ కండక్టర్ ఒరిజినల్ చూపించమంటారు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే గొడవ, పైగా ఆ ఫోన్ ఆఫ్ అయిపోయిన రోజు అదీ లేదు.

ఇక మందులు. మందుల షాపులో నాలుగు గోలీలు అడిగితే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, పేరూ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కిట్ కోసం కొనేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ కనిపించే ముక్కే అడిగి తీసుకోండి. గోలీలు విప్పి డబ్బాలో పోసుకోవడం అసలు వద్దు, మూడు నెలల తర్వాత ఏది ఏదో ఎవరికీ తెలియదు.

పారాసెటమాల్, అలర్జీకి సెటిరిజిన్ రెండేసి చాలు. సెటిరిజిన్‌తో కొందరికి నిద్ర ముంచుకొస్తుంది, అది వేసుకుని బండి నడపొద్దు. ఆస్పిరిన్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగే నొప్పి ఉంటే ముందు 108కి ఫోన్ చేయాలి, ఆ తర్వాత 300 మిల్లీగ్రాముల దరిదాపు ఆస్పిరిన్ నమిలి మింగిస్తే గుండె రక్తనాళంలో గడ్డ పెరగకుండా సాయపడుతుంది. నమలాలి, ఊరికే మింగితే పని ఆలస్యం. అయితే కడుపులో పుండు ఉన్నవాళ్లకు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లకు, ఆస్పిరిన్ పడనివాళ్లకు ఇది ప్రమాదం. అందుకే మీ డాక్టర్‌ను ఒకసారి అడిగాకే కిట్‌లో పెట్టుకోండి. పెట్టుకున్నాక ఆ ముక్క మీద మార్కర్‌తో 'జ్వరానికి వద్దు' అని రాయండి. వానాకాలం మన దగ్గర డెంగీ రోజులు, డెంగీలో ఆస్పిరిన్ గానీ ఐబుప్రోఫెన్ గానీ వేస్తే రక్తం కారే ముప్పు పెరుగుతుంది. జ్వరం వస్తే పారాసెటమాల్ ఒక్కటే.

మా బాపుకు షుగర్. అందుకే నా పర్సులో చక్కెర పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి, ఒక్కోటి 5 గ్రాములవి మూడు. షుగర్ 70 కంటే పడిపోయి చేతులు వణుకుతూ చెమటలు పడితే 15 గ్రాముల చక్కెర తినిపించి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలని డాక్టర్లు చెప్తారు. చాలామంది ఇందుకోసం చాక్లెట్ పెట్టుకుంటారు. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది, దానివల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది, పైగా మన ఎండకు అది జేబులోనే కరిగిపోతుంది. మామూలు చక్కెరో, గ్లూకోజ్ పొడో మేలు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎండాకాలం ఓఆర్‌ఎస్ తప్పనిసరి. అది కూడా 200 మిల్లీలీటర్ల నీళ్లకు సరిపోయే చిన్న ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు కొలిచి చేసింది, దాన్ని ఒక గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు మోతాదు మించిపోయి మేలు కంటే కీడే ఎక్కువ, పిల్లల్లో మరీ. డబ్బాల్లో తియ్యగా అమ్మే డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. వాటి మీద ఆ పేరు వాడకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు తీసేయమని ఆదేశాలిచ్చింది. ఆ ఒక్క మాట అట్ట మీద లేకుండా చేయడానికి ఒక మనిషి అంత కష్టపడ్డారంటే, మనం కనీసం ప్యాకెట్ వెనక ఏం రాసి ఉందో చదివి కొనాలి. ఇంకో సంగతి, ఎండదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే తాగించే ప్రయత్నం వద్దు. నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి గాలి తగిలేలా చేసి, 108కి చేయాలి.

దెబ్బలకు నాలుగు బ్యాండ్ ఎయిడ్‌లు, ప్యాకెట్ విప్పని గాజ్ (గాయం మీద పెట్టే పలుచని గుడ్డ) రెండు, చిన్న రోలర్ బ్యాండేజ్, ఒక జత గ్లవ్స్. గ్లవ్స్ మనకోసం కాదు, ఎదుటివాళ్లకు సాయం చేసేటప్పుడు వెనకాడకుండా ఉండటానికి. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదమాలి, ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకూడదు, తడిస్తే దాని మీదే ఇంకోటి. పసుపు, కాఫీ పొడి చల్లకండి, డాక్టర్ కడిగేటప్పుడు అదొక నరకం. యాక్సిడెంట్ అయినవాళ్లను ముట్టుకుంటే కేసు మన మెడకు చుట్టుకుంటుందన్న భయం ఇంకా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఏ సెక్షన్ చేర్చారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరూ వివరాలూ చెప్పమని బలవంతం చేయకూడదు. నాకు తెలిసినవాళ్లందరికీ ఇది చెప్తూనే ఉంటాను.

ఫోన్ సంగతి. 5000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ చిన్నదే దొరుకుతుంది, బెత్తెడు కేబుల్‌తో. డబ్బా మీద 5000 అని ఉన్నా వోల్టేజ్ మారడంలో, వేడిలో కొంత పోతుంది, ఫోన్‌కు చేరేది సుమారు మూడింట రెండు వంతులే. వాన రోజున అదే చాలా ఎక్కువ. 2023 జూలై చివరి వారం గుర్తుందా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది, ఇక్కడ నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు కాలనీలు నీళ్లలో ఉన్నాయి, ఆ తర్వాత భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అలాంటప్పుడు ఫోన్ వీడియోలు తీయడానికి కాదు, ఇంటికి ఒక్క మాట చెప్పడానికి. కాల్ కలవకపోతే మెసేజ్ పెట్టండి, నెట్ లేకపోయినా మామూలు ఎస్‌ఎంఎస్ చాలాసార్లు పోతుంది. 112 అయితే మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ ఉంటే దాని మీదుగా వెళ్లే వీలుంది.

ఒక విజిల్ కూడా పెట్టండి, పది ఇరవై రూపాయలది. డాబా మీద చిక్కుకుని అరిస్తే కాసేపటికే గొంతు పోతుంది, విజిల్‌కు ఆ బాధ లేదు, వాన చప్పుడులోనూ వినిపిస్తుంది. ఆడపిల్లల పర్సులో ఇది మరీ అవసరం. వేలంత టార్చిలైట్ ఉంటే ఫోన్ చార్జింగ్ మిగులుతుంది.

మిగతావి చిన్నాచితకా. రెండు పిన్నీసులు (చెప్పు తెగినా, జిప్ పోయినా అవే దిక్కు), సూదీ దారం, నాలుగు రబ్బరు బ్యాండ్లు, నెయిల్ కట్టర్, ఒక శానిటరీ ప్యాడ్, ఒక మాస్క్. మాస్క్ ఎందుకంటే మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు. కత్తి మాత్రం వద్దంటాను. కోర్టు, మెట్రో, గుడి, ఎక్కడ చెకింగ్ ఉన్నా దానితో టెన్షనే, అది చేసే పని నెయిల్ కట్టర్ సగం చేస్తుంది.

పిల్లలకు వేరే కిట్ అక్కర్లేదు, కాగితం చాలు. మేడారం జాతరకు పోయినప్పుడు ఫోన్ నంబర్ రాసిన కాగితం వాళ్ల జేబులో, అదే నంబర్ మార్కర్‌తో చేతి మీద. ఆ జనంలో నెట్‌వర్క్ దొరకడమే కష్టం, అందుకని తప్పిపోతే ఎక్కడ కలవాలో బస్సు దిగేముందే ఒక జాగా చూపించి చెప్పాలి.

పవర్ బ్యాంక్ కాకుండా మొత్తం ఐదారు వందల్లో అయిపోతుంది. బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో మాత్రం పెట్టకండి. మన ఎండకు బండి లోపల వేడి బయటి కంటే చాలా ఎక్కువ, గోలీలు చెడిపోతాయి, బ్యాండ్ ఎయిడ్ జిగురు కరుగుతుంది, పవర్ బ్యాంక్‌కు అసలే మంచిది కాదు. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి మొత్తం పరుపు మీద కుమ్మరించి తేదీలు చూసుకుంటే చాలు. ఎండాకాలం ముందు ఓఆర్‌ఎస్ ఒకటి ఎక్కువ, వానాకాలం ముందు ఇంకో జిప్‌లాక్ కవర్. నా దాంట్లో ఇప్పుడు సెటిరిజిన్ తేదీ దగ్గరపడింది, బాపు మందులకు షాపుకు పోయినప్పుడు కొత్తది తీసుకోవాలి.